కాకులు, కర్ర, నేను

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఓ జ్ఞాపకం. ఎనిమిదో తరగతిలో సైన్సు మాస్టారు బాష్పీభవనం పాఠం చెబుతూ, తడి త్వరగా ఆరాలంటే ఏం కావాలని అడిగారు. అందరూ ఎండ అన్నారు. నేను గాలి అన్నాను.

"నీకెవరు చెప్పారే?"

మా మామ్మ చెప్పింది. సంక్రాంతి వెళ్ళాక గుమ్మడి వడియాలు పెట్టేది. బూడిద గుమ్మడికాయ ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి, మూటగట్టి, రాత్రంతా పైన పొత్రం ఎత్తేది. తెల్లారేసరికి నీరంతా కారిపోయేది. ఆ ముక్కలు మినప్పిండిలో కలిపి డాబా మీద పాత పంచె పరిచి పెట్టేది. కాకులకి కర్ర పట్టుకుని కాపలా నేను. సముద్రం మీంచి తేమగాలి తిరిగిన రోజున ఎంత ఎండ కాసినా వడియం వేలికి అంటుకునేది. "ఎండ పైపైన కాలుస్తుందే, ఆరబెట్టేది గాలి" అనేది మామ్మ.

వేసవిలో మాగాయ. మూడు రోజులు ఉప్పులో ఊరిన ముక్కల్ని పిండి, ముక్కలు వేరే, ఊట వేరే ఎండలో పెట్టేది. సగం ఎండిన ముక్క దొంగిలించి తినని వాళ్ళు మన బ్యాచ్‌లో ఉంటే చేతులెత్తండి! తాండ్ర మాత్రం ఆత్రేయపురం నుంచి కొనుక్కోవడమే. పొర ఆరాక ఇంకో పొర పోస్తూ అన్నాళ్ళు కూర్చునే ఓపిక మామ్మకీ లేదు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల వరద. లంకల వాళ్ళంతా మన బడిలో తలదాచుకున్నారు. పాదులన్నీ నీళ్ళలో, కూరాకు లేదు. మామ్మ వడియాల డబ్బా, ఊరమిరపకాయలు, మాగాయ జాడీ బడికి పట్టించుకొచ్చింది.

మా క్లాసులో అంతర్వేది వైపు అమ్మాయి ఒకర్తి ఉండేది, మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది. టిఫిన్ డబ్బాలో ఎండు మెత్తళ్ళు, అదే ఎండబెట్టిన చిన్న చేపలు, తెస్తే మేం ముక్కు మూసుకునేవాళ్ళం. నేనూ మూసుకున్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు. వరదప్పుడు ఆ రాత్రి వాళ్ళ అత్త తెచ్చిన మెత్తళ్ళ మూటే బడి వరండాలో పులుసయింది. నీచు ముట్టని మామ్మ చింతపండు పిసికి ఇచ్చింది. మారు అడగని వాళ్ళు లేరు.

పోయిన నెల ఈ సంచిక పని మీద ఆ అంతర్వేది అమ్మాయికి ఫోన్ చేశాను. ఫొటో పంపవే అంటే, "ఫొటో సరే, మెత్తళ్ళు కూడా పంపనా? ముక్కు మూసుకుంటావా?" అంది.

అరకేజీ పంపమన్నాను.