బకెట్‌లో ఆల్చిప్పలు

ఒక ఆదివారం మా అద్దె ఇంట్లో ఉండే గుంటూరు తమ్ముడు బకెట్ నిండా ఆల్చిప్పలు తెచ్చాడు. వాడు ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌కు చదువు కోసం వచ్చి ఆరు నెలలైంది. డెర్వెంట్ నది ఒడ్డున రాళ్లకు అతుక్కుని ఊరికే దొరికాయట.

"దుకాణంలో డజను కొనాలంటే గంట జీతం పోతుంది అన్నా. రెండు రోజులు మంచి ఉప్పునీళ్లలో ఉంచితే కడుపులోది కక్కేస్తాయి. తరువాత ఉడకబెడదాం."

ప్రయోగశాలలో వారమంతా నేను చేసేది చిప్పలు విప్పడమే. ఎమ్మెస్సీ చదివిన కొడుకు ఆస్ట్రేలియాలో చిప్పలు ఒలుస్తున్నాడని కాకినాడలో మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకు చెప్పదు. కీలు దగ్గర కత్తి మొన దూర్చి మెలిపెడితే చిన్న చప్పుడుతో విడిపోతుంది. లోపలి మాంసాన్ని ఆరబెట్టి, పొడి చేసి, వేడి నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తాం. చివరికి గొట్టంలో మిగిలేది నీళ్లలాంటి తేట ద్రవం. జింకు ఎంత, కాడ్మియం అనే విషలోహం ఎంత అని యంత్రం చెప్పేదాకా అందులో ఏదైనా ఉందని ఎవరూ అనుకోరు.

"బురద పోతుంది, కొన్ని సూక్ష్మజీవులు పోతాయి. లోహం పోదురా" అన్నాను.

ఆల్చిప్ప రోజంతా నీళ్లు వడగట్టుకుని తింటుంది. ఆ మేతతో వచ్చిన లోహాన్ని త్వరగా బయటకు తోసే ఉపాయం దానికి లేదు. అందుకే కట్టేసి ఉంచుతుంది. మెటలోథయోనిన్ అనే చిన్న ప్రోటీన్‌లో దాదాపు మూడో వంతు సిస్టీన్ అనే అమైనో ఆమ్లమే. అందులోని గంధకం కాడ్మియాన్ని గట్టిగా పట్టుకుంటుంది. జింకు, రాగి రక్తకణాల్లోని బుల్లి సంచుల్లోకి చేరతాయి. దాని దాయాది మస్సెల్ జింకును చాలావరకు అదుపులో పెట్టుకుంటుంది, కొంత లోహాన్ని రాతికి అంటుకునే పీచుదారాలతో వదిలించుకుంటుంది. ఆల్చిప్ప మాత్రం పరమ లోభి. నెలలు గడిచినా కాడ్మియంలో చాలా భాగం దాని ఒంట్లోనే ఉంటుంది.

కాలేజీలో 'విషం విరిచేస్తుంది' అని చదివినప్పుడు విషం మాయమవుతుందని అనుకున్నాను. ఆ విరుగుడు ఆల్చిప్ప ప్రాణానికి మాత్రమే. తిన్నవాడికి మూట మూటగానే అందుతుంది.

ఈ నది ఒడ్డున జింకు కర్మాగారం పెట్టి వందేళ్లు దాటింది. 1970లలో ఇక్కడి ఆల్చిప్పలు తిన్నవాళ్లకు జింకు దెబ్బకు వాంతులయ్యాయి. ఇప్పుడు నీళ్లు ఎంతో మెరుగు. అయినా అడుగు బురదలో పాత లోహం ఉంది కాబట్టి డెర్వెంట్ చిప్పలు తినవద్దనే ఇక్కడ చెబుతారు.

"మరి దుకాణంలోవి?"

"అవి వేరే తీరాల్లో పెంచినవి. కాడ్మియం కిలోకు 2 మిల్లీగ్రాములు దాటితే అమ్మకూడదు."

వాడు బకెట్ వంక చాలాసేపు చూశాడు. అంత బరువు మోసుకొచ్చిన భుజం నొప్పి ఇంకా తగ్గినట్టు లేదు. చీకటి పడేలోగా మళ్లీ నదికి మోసుకెళ్లాడు. నేను నాలుగు కోడిగుడ్లు ఉడకబెట్టాను.