తూము దగ్గర పెద్దమనిషి

చెరువు కింద ఒక్క గుంట మడి కూడా లేని మనిషి చేతికి మా ఊరివాళ్ళు చెరువు తూమును అప్పగించారు. ఆయన మా తాత. వరంగల్ వైపు పల్లెల్లో ఆ పని చేసేవారిని నీరటి అంటారు. మాకున్నదల్లా ఊరికి ఎగువన రాళ్ళ చెలక. జొన్నలు, కందులు పండితే పండేవి, లేకపోతే లేదు. చెరువు నీళ్ళు దానికి ఎక్కవు కాబట్టి ఆయన పంచితే ఎవరికీ పేచీ ఉండదని పెద్దలు అనుకున్నారట. పేచీలు ఉండనే ఉండేవి, అది వేరే సంగతి.

కాకతీయుల చెరువులు అనగానే అందరికీ రామప్ప, పాకాల, లక్నవరం గుర్తొస్తాయి. మాది ఆ లెక్కలోకి రాని చిన్న చెరువు. పైచెరువు నిండి మత్తడి, అంటే నీళ్ళు పొర్లిపోయే అలుగు, దూకితే మాకు నీళ్ళు, మాది దూకితే కిందివాళ్ళకు. ఇలాంటి గొలుసుకట్టులో ఒకచోట కట్ట తెగితే కిందున్న వాటన్నిటికీ ముప్పే. అందుకే వానాకాలమంతా తాత కాపురం కట్ట మీదే. ఎండ్రకాయల బొరియలు పూడ్చడం, కట్టను పట్టుకుని మొలిచే తుమ్మమొక్కలు పీకడం, కాలువలో పేరుకున్న మట్టి తోడటం ఆయన పని. ముసురు పట్టిన రాత్రుల్లో కందిలి పట్టుకుని కట్ట కింది వైపు నడిచేవారు. ఎక్కడైనా నీళ్ళు ఊరుతుంటే తేటగా వస్తున్నాయా, మట్టి కలిసి వస్తున్నాయా అని దోసిట్లోకి పట్టి చూసేవారు. మట్టి కలిసి వస్తే లోపల బుంగ పడుతున్నట్టే. అప్పుడు ఊరంతటినీ లేపాల్సిందే.

తూమంటే రెండు రాతి కంబాలు, వాటి మధ్య నుంచి నీళ్ళలోకి దిగే కడ్డీ, దాని కొసన రంధ్రాన్ని మూసే బిరడా. బిరడా బురదలో కూరుకుపోతే మునిగి వదులు చేయాలి. యాసంగి (రబీ పంటకాలం) చలిలో తెల్లవారకముందే మునిగి, పెదవులు నల్లబడి ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్న తాతను నేను చూశాను. నాయనమ్మ ఏమీ అనకుండా చుట్ట అందించేది.

వానాకాలం పంటకు పెద్దగా గొడవ లేదు. అసలు కథంతా యాసంగిలోనే. చెరువులో మిగిలిన నీళ్ళు చూసి ఎంత భూమికి సరిపోతాయో తేల్చేవారు. దాన్ని తైబందీ అంటారు. పట్వారీ దగ్గర లెక్కల పుస్తకం ఉండేది, తాతకు నీళ్ళలో మునిగిన తూము మెట్లే పుస్తకం. చివరికి అందరూ ఆయన నోటివైపే చూసేవారట. “సగానికి వస్తాయి. మించి నాటితే పొట్టకొచ్చే వేళకు ఎండుతుంది” అని ఆయనంటే పదెకరాల ఆసామి ఐదెకరాలు, రెండెకరాలవాడు ఎకరం నాటుకోవాలి. వంతులు ఎప్పుడూ కొస మడుల నుంచే మొదలుపెట్టేవారు. తూము పక్క మడులకు ఎలాగూ ఊటనీళ్ళు అందుతాయని ఆయన వాదన. రాత్రి వంతులకు వేగుచుక్కే గడియారం. పైవాడు చాటుగా కాలువకు అడ్డం వేసి నీళ్ళు మళ్ళిస్తే, ఆ మట్టిని పారతో తీసి అతని గట్టు మీదే కుప్పపోసి వచ్చేవారు. పొద్దున అది చూస్తే ఎవరికి ఏం అర్థం కావాలో అది అర్థమయ్యేది.

ఇంతకంటే పెద్ద తలనొప్పి మత్తడి. చెరువు నిండితే శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, సాగు చేసుకునేవాళ్ళ పంట మునుగుతుంది. వాళ్ళు రాత్రికి రాత్రి మత్తడిని కొంత దించేయాలని చూసేవారు. ఆయకట్టువాళ్ళేమో, అంటే చెరువు కింద మడులున్నవాళ్ళు, దాని మీద ఇసుక బస్తాలు పేర్చి ఇంకో మూరెడు నీళ్ళు ఆపుకోవాలని చూసేవారు. తాత మొదటి వాళ్ళు తవ్వినదాన్ని పూడ్చి, రెండో వాళ్ళు పేర్చినదాన్ని విప్పేసి, ఇద్దరితోనూ తిట్లు తిన్నారు. ఒక ఏడు పెద్ద ఆసామి ఒకాయన స్వయంగా వచ్చి బస్తాలు ముట్టుకోవద్దన్నారట. “కట్ట తెగితే మీ మడుల్లోనే ఇసుక మేట వేస్తుంది దొరా. అప్పుడు ఈ నీళ్ళు ఏం చేసుకుంటారు?” అంటూనే తాత బస్తాలు కిందికి తోసేశారు. ఆసామి మారు మాట్లాడలేదు.

అంత మాట అనగలిగిన మనిషి, అదే ఆసామి ఇంటికి పని మీద వెళితే గడప బయట నిలబడేవారు. అరుగు మీద కూర్చోమన్నవారు లేరు. కోతలయ్యాక కల్లాల దగ్గర మేర (పనికి కూలిగా ఇచ్చే ధాన్యం) ఇచ్చేటప్పుడు కొందరు మంచి వడ్లు కొలిచేవారు, కొందరు రాశి అడుగున మిగిలిన తాలు ఊడ్చి పోసేవారు. నాయనమ్మ చేటతో చెరుగుతూ ఏ తాలు ఎవరిదో పేరుపేరునా చెప్పి మరీ తిట్టేది. “ఊరు ఆయన్ను ఎంత గౌరవించిందో” అని ఇప్పుడు మా బంధువులు గొప్పగా చెబుతుంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఊరికి ఆయన మీద గట్టి నమ్మకం ఉండేది. గౌరవానికి వచ్చేసరికి మా కులం, మా చెలక అడ్డొచ్చేవి. సద్దుల బతుకమ్మ రోజు ఆడవాళ్ళు మాత్రం ఆయన చూపించిన చోటే బతుకమ్మలను నీళ్ళలో వదిలేవారు, పిల్లలు లోతుకు పోకుండా ఆయన మోకాలి లోతులో కాపలా ఉండేవారు. ఆ ఒక్క సాయంత్రం ఆయన ముఖంలో దర్జా కనిపించేది.

1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. తాత పని అలాగే నడిచింది. ఆ తర్వాత బోర్లు వచ్చాయి. డబ్బున్నవాడికి వంతుతో పని లేకుండా పోయింది, దాంతో కాలువ పూడిక తీయడానికి వచ్చే మనుషులూ తగ్గారు. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. అందులో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవారికే. ఏళ్ళ తరబడి తూము నడిపిన మనిషికి ఓటు లేదు. మొదటి సమావేశానికి మాత్రం ఎన్ని మెట్లు మునిగి ఉన్నాయో చెప్పి పొమ్మని పిలిపించారు. చెప్పి వచ్చారు. 2015లో చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక మా చెరువులోనూ పూడిక తీశారు, పాత తూముకు మర తిప్పితే లేచే ఇనుప షట్టరు పెట్టారు. అప్పటికి ఆయన లేరు. ఇప్పుడు ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు తిప్పుకుంటున్నారు.

మా నాన్న ఆ పని అందుకోలేదు. తాత అందుకోమనలేదు కూడా. “ఒకరి వాకిట్లో నిలబడే పని నీకు వద్దు బిడ్డా” అని చదివించారట. నాన్నకు ఆర్టీసీలో కండక్టరు ఉద్యోగం వచ్చింది. ఆ కబురు విని తాత, “అదీ పొద్దంతా నిలబడే పనే కదరా!” అని పొలమారేదాకా నవ్వారట.