మా మేడ మీద ఒక రాత్రి బిస్ట్రో

పారిస్‌లో ఒక చిన్న బిస్ట్రో వంటగదిలో నాలుగేళ్ళుగా పనిచేస్తున్న మా మేనల్లుడు ఏప్రిల్‌లో సెలవు మీద శ్రీకాకుళం వచ్చి, ఒక రాత్రి మా మేడ మీద ఎనిమిది మందికి భోజనం వండిపెట్టాడు. బిస్ట్రో అంటే పేటలోని వాళ్ళు నడిచివచ్చి తినే చిన్న భోజనశాల. ఈవ్ కాండెబోర్డ్ అనే వంటవాడు క్రియోన్ అనే పెద్ద హోటల్లో నేర్చిన పనితనాన్ని 1992లో ‘ల రెగలాద్’ అనే మామూలు బిస్ట్రోలోకి తీసుకువచ్చి, అందరికీ అందే ధరకు గొప్ప వంట పెట్టినప్పటి నుంచి పారిస్‌లో ఇటువంటి చోట్లకు కొత్త ఊపిరి వచ్చిందని మా వాడు చెప్పాడు. అక్కడ అచ్చువేసిన మెనూ ఉండదట. ఉదయం బజారులో ఏది బాగుంటే అదే వండి, దాని పేరు నల్లబల్ల మీద సుద్దతో రాస్తారు. నల్లబల్ల దొరకక, మా ఇంటి అటక మీద ఉన్న తన చిన్ననాటి పలకనే తుడిచి, బలపంతో నాలుగు వంటకాల పేర్లు రాసి గోడకు ఆనించాడు.

ఉద్దానం నుంచి వచ్చిన పచ్చి జీడిపప్పును కొబ్బరిపాలలో మెత్తబడనిచ్చి, దాని మీద ఎండు మెత్తళ్ళను దోరగా వేయించి కొట్టిన పొడి చల్లి, చోడిపిండితో కాల్చిన పలుచని అట్టుముక్కతో మొదట పెట్టాడు. పలాస జీడిపప్పును పొట్లాల్లో చూసే వాళ్ళకు పచ్చి పప్పు రుచి తెలియదు. తొక్క ఊడదీసిన పప్పు పాలుపట్టిన మొక్కజొన్న గింజలా మెత్తగా ఉంటుంది, పంటి కింద కొద్దిగా తియ్యనవుతుంది. ఏడాదిలో కొద్ది వారాలు మాత్రమే దొరికే ఆ పప్పును మా ఇంట్లో మసాలా కూరలో ముంచేయడం తప్ప మరొకటి చేయలేదన్న సంగతి ఆ రాత్రే నాకు తట్టింది. తరువాత పనసపొట్టును ఆవపెట్టి వండాడు. ఆ వెనుక కళింగపట్నం నుంచి తెచ్చిన వంజరం ముక్కలకు చింతచిగురు ముద్ద పట్టించి, అరటాకులో చుట్టి, నిప్పుల మీద కాల్చాడు. చివర చల్లని ముంజలు.

అతడు తెచ్చిన రెండు సీసాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రెండూ సహజ వైన్లు. మామూలు వైన్ తయారీలో రసాన్ని పులియబెట్టే ఈస్ట్ అనే సూక్ష్మజీవిని ఎంపిక చేసి కలపడం, వడకట్టడం, పాడవకుండా సల్ఫైట్లు వేయడం సాధారణం. సహజ వైన్ చేసేవాళ్ళు ద్రాక్ష తొక్క మీద, తాము పనిచేసే గదుల్లో ఉండే ఈస్ట్‌కే పని అప్పగిస్తారు, వీలైనంత వరకు ఏమీ కలపరు. ఐరోపా నియమాల ప్రకారం తీపి లేని ఎర్ర వైన్‌లో లీటరుకు 150 మిల్లీగ్రాముల వరకు సల్ఫైట్లు ఉండవచ్చు. ఫ్రాన్స్‌లో 2020లో గుర్తింపు పొందిన సహజ వైన్ ముద్ర కావాలంటే అది 30 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటి సీసా ఫ్రాన్స్‌లోని బోజోలే ప్రాంతపు గమే అనే ఎర్ర ద్రాక్షది. మార్సెల్ లపియెర్ వంటి వైన్ తయారీదారులు 1980లలో ఈ పద్ధతికి తిరిగి ప్రాణం పోసింది ఆ కొండవాలుల్లోనే. రెండవది జార్జియా దేశపు కాషాయరంగు వైన్. మెడ వరకు భూమిలో పాతిన క్వెవ్రీ అనే పెద్ద మట్టికుండలో తెల్ల ద్రాక్షను తొక్కలతో సహా పోసి, నెలల తరబడి ఉంచుతారు. ఆ విధానాన్ని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ధాన్యం పాతరల గురించి వింటూ పెరిగిన నాకు, భూమిలోని చల్లదనాన్ని నమ్ముకోవడం కొత్తగా అనిపించలేదు.

ఆ కాషాయరంగు వైన్ మసకగా, పలుచని తేనీరులా ఉంది. మా అమ్మ అటువంటివి ముట్టదు. అయినా మనవడు గ్లాసు అందించగా ముక్కు దగ్గరకు తీసుకొని, “ఏటిరా ఇది, మన తరవాణి కుండ వాసనొస్తంది!” అంది. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. గంజి పోసిన కుండలో ఎవరూ ఏ మందూ కలపరు, కుండ గోడలో నిలిచిన ప్రాణమే రోజూ కొత్త గంజిని పులియబెడుతుంది. తాటిచెట్టు మీది కుండలో పడే తియ్యని రసం తెల్లవారేసరికి కల్లయ్యేదీ అలాగే. తీపి నిలవాలనుకునేవారు కుండ లోపల సున్నం పూసి ఆ పులుపును ఆపుతారు. పక్కింటి మాస్టారు కూడా గ్లాసు పక్కన పెట్టి ఆ మాటే కాసేపు ఆలోచించారు. ఆవ ఘాటుకు ఆ వైన్ లోని వగరు ఎంత చక్కగా కుదిరిందో, పనసపొట్టు గిన్నె ముందుగా ఖాళీ అయిన తీరే చెప్పింది.

గమే మాత్రం సగం వరకే మాతో నడిచింది. చల్లగా పోసిన మొదటి గ్లాసు నేరేడుపండు రసంలా హాయిగా ఉంది. గంట గడిచాక పోసిన గ్లాసులో వాసనకు ఏ తేడా లేదు, కానీ మింగిన కొన్ని క్షణాలకు నాలుక వెనుక ఎలుకలు తిరిగిన గాదె అడుగు కంపు తేలింది. మా వాడి ముఖం వాడిపోయింది. సహజ వైన్లలో ఇది తెలిసిన దోషమేననీ, దీన్ని ఎలుక వాసన అనే పిలుస్తారనీ చెప్పాడు. దానికి కారణమైన పదార్థం వైన్ పులుపులో అణగి ఉండి ముక్కుకు అందదు, లాలాజలం తగిలి పులుపు తగ్గగానే బయటపడుతుంది. సీసా తెరిచి గాలి తగిలాక పెరుగుతుంది కూడా. సల్ఫైట్ వేసి ఉంటే చాలావరకు ఇలా జరగదు. అందుకే ఏమీ కలపకపోవడమే గొప్ప అనే మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. “మామయ్యా, శుభ్రత ఒక్క రోజు తప్పినా సహజం క్షమించదు” అని అతడే అన్నాడు. అమ్మ తరవాణి కుండకు మరొకరి చేయి తగలనివ్వకపోవడం చాదస్తమని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

మిగిలిన గమేను ఎవరూ తాగలేదు. మెట్ల దగ్గరి మందారం మొదట్లో పోశాం. మరునాడు పొద్దున్నే అతడు విశాఖపట్నం వెళ్ళే బస్సెక్కేముందు, అరటాకులో మిగిలిన రెండు వంజరం ముక్కలు విదిపి, ఉప్పు, పచ్చిమిరపకాయ నంజుకుంటూ తరవాణి అన్నం తిన్నాడు. వాడు చేయి కడుక్కుంటుండగా అమ్మ పలక మీది పేర్లు తుడవకుండా, వాటి కిందనే కొంచెం వంకర అక్షరాలతో ‘తరవాణి’ అని రాసింది.