బహ్జీ గడప దగ్గర

ఇజ్రాయెల్‌లోని హైఫా నుంచి వచ్చి పది రోజులైంది. చెవుల్లో ఇంకా బహ్జీ తోటలోని గులకరాళ్ల చప్పుడే. మా బహాయీ మత స్థాపకుడు బహావుల్లా సమాధి ఉన్నది అక్కడే.

మా అబ్బాయి ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నప్పుడు మొక్కుకున్నాను, వాడు నాకు దక్కితే ఆ సమాధి గడప మీద తల ఆన్చి వస్తానని. దక్కాడు. దరఖాస్తు పెట్టుకున్నాక పిలుపు రావడానికే ఏళ్లు పట్టింది.

తొమ్మిది రోజుల యాత్ర. హైఫాలో కార్మెల్ కొండ మీద, బహావుల్లా రాకను ముందే చాటిన బాబ్ మందిరం బంగారు గుమ్మటం చూడగానే కళ్లు నిండాయి. కానీ బయట ఏం రద్దీ! ఫొటోలు, గట్టిగా కబుర్లు. 1850లో ఇరాన్‌లోని తబ్రీజ్‌లో మరణశిక్షగా తుపాకులకు ఎదురు నిలిచిన బాబ్ అవశేషాలు ఎన్నో ఏళ్లు రహస్యంగా చోట్లు మారి, 1909లో ఇక్కడికి చేరాయి. అక్కడైనా కాసేపు మౌనంగా ఉండలేరా అని బాధేసింది.

హైఫా దగ్గరి అక్కా అనే ఊళ్లో పాత జైలు దగ్గర నా కాళ్లు కదల్లేదు. బహావుల్లాను కుటుంబంతో సహా 1868లో బంధించింది అక్కడే. పర్షియా నుంచి నడిచొచ్చిన భక్తులను లోపలికి రానిచ్చేవారు కాదు. కందకం అవతల నిలబడి, కిటికీలోంచి ఊపిన ఆయన చేతిని చూసి, అదే దర్శనమనుకుని వెనుదిరిగేవారు. 1870లో బహావుల్లా పెద్దకొడుకు అబ్దుల్ బహా తమ్ముడు మీర్జా మెహ్దీ జైలు కప్పు మీద ప్రార్థన చేసుకుంటూ నడుస్తూ, వెలుతురు కోసం వదిలిన కంతలోంచి కిందపడ్డాడు. 22 ఏళ్లవాడు. ఏం కావాలని తండ్రి అడిగితే, నా ప్రాణం తీసుకుని యాత్రికులకు దారి తెరవండి అన్నాడట. నెలలు తిరగకుండానే కుటుంబం జైలు దాటి బయటికొచ్చింది.

నా కొడుకు నాకు దక్కాడు. ఆ కంత కింద నిలబడి పైకి చూడలేకపోయాను.

బహ్జీలో చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. రోజూ ఏ దిక్కుకు తిరిగి ప్రార్థించానో, ఆ దిక్కు ఇక్కడితో ఆగింది. గడప ముందు ఒక ముసలి ఇరానీ అమ్మ మోకరిల్లి ఉంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. తల ఆన్చాను. గడప మీద పూరేకులు నుదుటికి చల్లగా తగిలాయి. చెప్పుకుందామనుకున్నవి ఒక్కటీ గుర్తు రాలేదు.

గడపకు వీపు పెట్టకూడదని వెనక్కి వెనక్కి నడుస్తున్నాం. మోకాలి నొప్పితో నేను తూలాను. వీపు మీద ఒక అరచెయ్యి ఆనింది. ఆవిడే. మా ఇద్దరికీ భాష కలవదు. బయటికొచ్చాక 'అల్లాహు అభా' అంది, మా బహాయీల పలకరింపు. నేనూ అదే అన్నాను. తలుపు దాటాక కూడా ఆవిడ ఆ చెయ్యి తియ్యలేదు.