పదమూడులో పది వినిపిస్తుంది

ఇక్కడ అమెరికాలో మా పాప ఫస్ట్ గ్రేడ్‌లో ఉండగా ఒకరోజు థర్టీన్ రాయమంటే 31 అని రాసింది. కొట్టేసి 13 అని రాయించాను. మర్నాడు మళ్ళీ 31. చదువులో వెనకబడుతోందేమోనని నాకు ఒకటే టెన్షన్. రెండు రోజులయ్యాక గానీ తట్టలేదు, దాని తప్పేమీ లేదని. ఇంగ్లీషులో ఆ మాట పలికేటప్పుడు మూడు ముందొస్తుంది, పది వెనక వస్తుంది. పిల్ల చెవికి ఎలా వినబడిందో అలాగే రాసింది.

తెలుగులో పదమూడంటే పదీ మూడూ. పద్నాలుగు, పదిహేను, పదహారు, అన్నింట్లోనూ పదే ముందు వినిపిస్తుంది. లెవెన్, ట్వెల్వ్‌లలో పది జాడే తెలియదు, మన పదకొండులో తెలుస్తుంది. పన్నెండు, పంతొమ్మిదిలో మాత్రం కాస్త చెవి పెట్టాలి. ఊహ తెలిసినప్పటి నుంచీ పలుకుతున్న అంకెలే అయినా, వాటిలో ఇంత సాయం ఉందని పిల్లకు నేర్పబోయేదాకా నాకు తెలియలేదు.

అంతకుముందు ఒక పొరపాటు చేశాను. చిన్నప్పుడు మేం గొంతెత్తి ఎక్కాలు చదివి నేర్చుకున్నవాళ్ళమే కదా అని, దానికి ఐదేళ్ళు నిండగానే మొదలుపెట్టించాను. "రెండు ఒకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు" అని పాటలా అప్పజెప్పేది. ఇంటికొచ్చినవాళ్ళంతా మెచ్చుకునేవారు. ఓ రాత్రి భోజనాల దగ్గర, నలుగురికీ తలా రెండు గారెలు వెయ్యాలంటే ఎన్ని కావాలని అడిగాను. బిక్కమొహం వేసింది. గట్టిగా ఇంకోసారి అడిగేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎక్కం నోటికొచ్చింది గానీ లెక్క రాలేదు.

ఎక్కాలు వద్దని కాదు. ఏ తరగతికి ఏం వచ్చి ఉండాలో చెబుతూ ఇక్కడ 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు కూడా, థర్డ్ గ్రేడ్ పూర్తయ్యేసరికి ఒంటి అంకెల గుణకారాలు గుర్తుండాలనే చెబుతాయి. కాకపోతే దానికి ముందు కూడికల్లో, ముందు పది పూర్తి చేసి మిగిలింది కలపడంలో పిల్లల్ని బాగా నానబెడతారు. మా అమ్మకి ఫోన్‌లో ఇదంతా చెబితే, "దాన్ని చదివించకే, ఆడించు. మీకు వామనగుంటలతో రాలేదూ?" అంది.

చింతపిక్కలు లేవు. ఇంట్లో రాజ్మా గింజలున్నాయి. డజను గుడ్ల అట్టపెట్టెలో చివరి రెండు గుంటలు కత్తిరించేస్తే వరసకి ఐదు చొప్పున పది మిగిలాయి. ఎనిమిదికి ఐదు కలపాలి. ఎనిమిది గుంటల్లో గింజలు పెట్టింది. ఐదు గింజలు గుప్పిట్లో పట్టుకుని ఖాళీల వంక చూసింది. రెండు వేసింది. పెట్టె నిండింది. గుప్పిట విప్పి చూసుకుంటే మూడున్నాయి.

"పది... మూడు... అమ్మా, పదమూడు!"

నేనేమీ చెప్పలేదు. మళ్ళీ అదే పని ఏడూ ఆరుతో, తొమ్మిదీ నాలుగుతో చేసి, ఎటు చేసినా పదమూడే వస్తోందని తెగ సంబరపడింది. ఆ ఒక్క పెట్టెతో రోజూ సాయంత్రం పది నిమిషాలు కూర్చునేవాళ్ళం. విసుగొస్తే ఆపేసేవాళ్ళం. ఆ నిమిషాలు కొట్లాటగా మారకూడదని మాత్రం నేను గట్టిగా పట్టుబట్టాను. నెల తిరక్కుండానే పెట్టె తియ్యడం మానేసింది, కళ్ళు పైకెత్తి మనసులోనే గుంటలు నింపుకునేది.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో అమ్మమ్మనే అడిగింది, తొమ్మిదీ ఆరూ ఎంతని.

"పదిహేను."

"ఎలా చేశావో చెప్పు అమ్మమ్మా." స్కూల్లో టీచర్ రోజూ అడిగే ప్రశ్నే అది.

మా అమ్మని ఇన్నేళ్ళలో ఎవరూ అలా అడిగి ఉండరు. బొటనవేలితో కణుపులు తడుముకుంటూ కాసేపు ఆలోచించింది. "ఆరులోంచి ఒకటి తీసి తొమ్మిదికిచ్చానే. పదయింది. ఇంకా ఐదు మిగిలాయి."

"నేనూ అంతే!" అని మా పాప కుర్చీలోంచి లేచి గెంతింది.