ముప్పావు అంగుళం బెజ్జం, నిట్టనిలువుగా

ఈ ఆదివారం మొత్తం పనిబల్లకే సరిపోయింది. టిఫిన్ అవ్వగానే మేడ మీది రేకుల షెడ్డులోకి వెళ్లినవాణ్ని, భోజనానికి తప్ప దీపాలు పెట్టేదాకా కిందికి దిగలేదు. బల్లకు బెంచ్ డాగ్ బెజ్జాలు వేయడం పూర్తయింది. డాగ్ అంటే పలక జరగకుండా అడ్డుగా బెజ్జంలో నిలబెట్టే పొట్టి ముక్క. ముందంచు వెంట వైస్‌కి, అంటే మర తిప్పి పలకని బిగించే పట్టుకి, ఎదురుగా ఒక వరస, వెనకవైపు హోల్డ్‌ఫాస్ట్‌ల (పలకని బల్లకి అదిమిపట్టే వంపు కడ్డీల) కోసం కొన్ని. అన్నీ ముప్పావు అంగుళానివే.

బల్ల పైచెక్క పాత టేకు. పడగొట్టిన ఇళ్ల కలప అమ్మే అడితిలో ద్వారబంధాలు కొని, చిత్రిక పట్టి, పక్కపక్కన పెట్టి అతికించాను. మందం రెండుముప్పావు అంగుళాలు, అంటే దాదాపు 70 మి.మీ. ఈ మందమే ఇవాళ్టి టెన్షన్‌కి కారణం. డ్రిల్లు ఒక్క డిగ్రీ పక్కకి వాలితే చాలు, బెజ్జం అడుగున మిల్లీమీటరుకి పైగా జరిగిపోతుంది. పైనుంచి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. డాగ్ పెట్టి వైస్ బిగించినప్పుడు మాత్రం దాని ముఖం చెక్కకి పూర్తిగా ఆనదు.

బెజ్జాలు కచ్చితంగా ఉండాలని అందరూ అంటారు కానీ, ఏ విషయంలో కచ్చితమో ముందు తేల్చుకోవాలి. యంత్రం మీద 96 మి.మీ. ఎడంతో 20 మి.మీ. బెజ్జాలు తొలిచిన ఎమ్‌డీఎఫ్ (చెక్క నారను అదిమి చేసిన పలక) బల్లలు ఉంటాయి. వాటిలో ఆ బెజ్జాలే మూలమట్టం. వాటిని ఆనుకునే చెక్క కోస్తారు కాబట్టి ప్రతి బెజ్జం స్థానమూ ముఖ్యమే. అలాంటి బల్లను చేత్తో చేసుకోవాలన్నా దారి ఉంది. మన తాపీ మేస్త్రీలు పునాది మూలకు దారం పట్టి చూసుకునే 3-4-5 లెక్కే అక్కడా పనికొస్తుంది. ఒకవైపు 288, రెండోవైపు 384 కొలిస్తే, మూల నుంచి మూలకు 480 రావాలి. నా బల్ల పని వేరు. దాని మీద చిత్రిక పట్టాలి, ఉలి కొట్టాలి. దీనికి బెజ్జానికీ బెజ్జానికీ మధ్య ఎడం నాలుగు అంగుళాలకి ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా నష్టం లేదు, అది వైస్ తెరుచుకునే దూరం కన్నా తక్కువ ఉంటే చాలు. తప్పకూడనివి రెండే. వరస మొత్తం వైస్‌లోని డాగ్‌తో ఒకే గీత మీద ఉండాలి. ప్రతి బెజ్జం నిట్టనిలువుగా దిగాలి. గీత తప్పితే బిగించిన కొద్దీ పలక పక్కకి తిరుగుతుంది.

అందుకే పొద్దున సగం సేపు డ్రిల్లు ముట్టుకోలేదు. వైస్‌లోని డాగ్ నడిమధ్యకి మార్కింగ్ గేజ్ (అంచుకి ఆనించి గీత గీసే పనిముట్టు) సరిచేసి, ముందంచుకి సమాంతరంగా బల్ల పొడుగునా గీత లాగాను. పెన్సిల్ గీతకి మందం ఉంటుంది, గేజ్ మొన గీసిన గాటుకి ఉండదు. తర్వాత బల్ల కిందికి దూరి, కాళ్లు ఎక్కడున్నాయో, వైస్ కడ్డీలు ఎక్కడిదాకా వస్తాయో చూసుకుని వాటిని తప్పించి గుర్తులు పెట్టాను. పాత ద్వారబంధాల చెక్క కదా, లోపల విరిగిన మేకులు ఉండొచ్చు. గీత వెంట బలమైన అయస్కాంతాన్ని మెల్లగా లాగితే ఒక చోట చిన్నగా అతుక్కుంది. ఆ గుర్తుని రెండు అంగుళాలు జరిపాను. గుర్తు ఉన్న ప్రతిచోటా సన్నటి మొనతో గుంట పొడిచి, ముందు 3 మి.మీ. బిట్‌తో చిన్న బెజ్జం వేశాను. పెద్ద బిట్ మొన దారి తప్పకుండా ఈ చిన్న బెజ్జమే పట్టి ఉంచుతుంది.

నిలువు సంగతి చెయ్యి మీద వదిలేయలేదు. మూడు అంగుళాల ఎత్తున్న నల్లతుమ్మ దిమ్మకి వెల్డింగ్ షాపులో పిల్లర్ డ్రిల్ మీద ముప్పావు అంగుళం బెజ్జం వేయించి పెట్టుకున్నాను. దిమ్మ నాలుగు పక్కలా మధ్య గీతలు గీసి ఉన్నాయి. వాటిని బల్ల మీది గీతలతో కలిపి, రెండు క్లాంపులతో బిగించి, ఆ బెజ్జంలోంచే బిట్ దింపాలి. మొనకి మర ఉన్న పొడుగాటి ఆగర్ బిట్ వాడాను. మరే బిట్‌ని లోపలికి లాక్కుంటుంది కాబట్టి నొక్కక్కర్లేదు, నొక్కకూడదు కూడా. డ్రిల్లు తక్కువ వేగంలో పెట్టి, ప్రతి అంగుళానికీ బయటికి తీసి పొట్టు దులపాలి. పొట్టు ఇరుక్కుంటే బిట్ వేడెక్కుతుంది, బెజ్జం గోడలు నల్లబడతాయి. పాత టేకు వాసన మాత్రం షెడ్డంతా నిండిపోయింది. ఎన్నేళ్లు ఎండలో వానలో నిలబడిన చెక్కో, లోపల ఇంకా నూనె ఆరలేదు.

అడుగున చెక్క చీలకుండా ఒక పనికిరాని పలకని కిందినుంచి గట్టిగా బిగించాను. బిట్ ఆ పలకలోకి దిగాకే ఆపాలి. ఆ తర్వాత ప్రతి బెజ్జంలో ఇనుప కడ్డీ నిలబెట్టి, మూలమట్టం రెండు వైపులా ఆనించి చూశాను. కడ్డీకీ మూలమట్టానికీ మధ్య వెలుతురు దూరకపోతే ఆ బెజ్జం పాసైనట్టే. చివరగా గుండ్రటి ఆకురాయితో పైఅంచులు కొద్దిగా ఏటవాలుగా అరగదీశాను. ఇది చాలామంది చేయరు. డాగ్‌ని లాగినప్పుడల్లా అంచునుంచి పేళ్లు లేచేది ఇందుకే.

సాయంత్రం పక్క వీధి మేస్త్రిగారు నా దగ్గరున్న పెద్ద క్లాంపు కోసం వచ్చారు. ఆయన జీవితమంతా నేల మీద కూర్చుని, పలకని కాలితో తొక్కిపట్టి పనిచేసిన మనిషి. బెజ్జాల్లో వేలు పెట్టి చూశారు.

"ఇన్ని బెజ్జాలు కొడితే బల్ల బలం పోదా బాబూ?"

"పోదండీ, ఇంత మందానికి ఇవి లెక్కలోకి రావు."

హోల్డ్‌ఫాస్ట్ చూపించాను. మా ఊరి కొలిమిలో 18 మి.మీ. కడ్డీ వంచి చేయించినది. ఒక పలక పెట్టి, నెత్తిన సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే కదలకుండా పట్టేసింది. కడ్డీ బెజ్జం కన్నా కాస్త సన్నం కాబట్టి దెబ్బకి లోపల వాలుతుంది. పైన ఒక పక్క అంచునీ, కింద దానికి ఎదుటి పక్క అంచునీ పట్టుకుని బిగుసుకుంటుంది. బెజ్జమే వాలి ఉంటే ఒకవైపు తిప్పినప్పుడు ఎక్కువ పట్టి, ఇంకోవైపు వదిలేస్తుంది. మేస్త్రిగారికి ఇదంతా వివరించబోయేలోపే ఆయన హోల్డ్‌ఫాస్ట్‌ని నాలుగు దిక్కులా తిప్పి కొట్టి చూసేశారు. తర్వాత పలకని రెండు డాగ్‌ల మధ్య బిగించుకుని నాలుగు సార్లు చిత్రిక పట్టారు. "కాళ్లకి పని తప్పింది" అన్నారు. వెళ్లబోతూ, బెజ్జాలకి నూనె మాత్రం పెట్టొద్దని, ఇనుము జారుతుందని చెప్పారు. హోల్డ్‌ఫాస్ట్ ఎప్పుడూ వాడని మనిషి చెప్పిన మాట, నూటికి నూరుపాళ్లు నిజం.

బల్ల అంతా గళ్లుగళ్లుగా బెజ్జాలు పొడవడం నాకు ఇష్టం లేదు. ఉపయోగం లేని ప్రతి బెజ్జంలోంచీ స్క్రూలు, పొట్టు కింద పడతాయి. వెనక వరసలో ఎడమ చివర ఇంకొకటి కావాలనిపిస్తోంది కానీ ఇవాళ వేయలేదు. వచ్చే వారం స్టూలు కాళ్లకి కుసులు చెక్కే పని ఉంది. అప్పుడు పలకని పట్టుకోవడానికి ఎక్కడ చోటు లేక ఇబ్బంది పడతానో, అక్కడే వేస్తాను. దిమ్మ, బిట్ రెండూ బల్ల కింద అరలోనే ఉంచాను.