ఒక్క 'ఆ'

హనుమకొండలో మా నాయనమ్మ "ఆ గుడికి పోయినవా?" అని అడిగితే నేను "ఆఁ" అనేవాడిని, అంత చిన్న సంభాషణలోనే మొదటి 'ఆ' వేయిస్తంభాల గుడిని చూపేది, క్రియ చివరిది ప్రశ్నను పుట్టించేది, నా నోటిది ఒప్పుకోలయ్యేది.

ఆ, ఈ, ఏ లను వ్యాకరణంలో త్రికమంటారు. 'ఆ కాలము' 'అక్కాలము' అయ్యేది త్రికసంధి వల్లనే. సంస్కృతం నుంచి వచ్చిన, మాట ముందు చేరే ఉపసర్గ 'ఆ' నాకు మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది: గమనం పోవడమైతే ఆగమనం రావడం, ఆజన్మ అంటే పుట్టినప్పటి నుంచి, ఆమరణ నిరాహారదీక్షలోని ఆమరణ అంటే చనిపోయేవరకు, అంటే మొదటి హద్దుకూ తుది హద్దుకూ అదే అక్షరం సరిపోతుంది. అయినా నాకు అన్నిటికంటే ఇష్టమైనది నాయనమ్మ ప్రశ్న చివరిదే. రాతలో అది 'వ'కారానికి దీర్ఘమై ఒదిగిపోయినా, ఆమె గొంతులో మాత్రం స్పష్టంగా పైకి లేచేది.